బల్ల మీద నలభై

మార్కాపురం, స్టేషన్ రోడ్డు, మేడ మీద గది.
కిటికీకి రేకు, రేకు మీద ఎండ.
కాంట్రాక్టు మీద నాకప్పజెప్పిన పని:
పదకొండేళ్ల బోరుబావులు,
గంటగంటకీ నీటిమట్టం, ఉప్పు, ఫ్లోరైడు.
తొంభై జీబీల దాహం.
నా కంప్యూటరు జ్ఞాపకం నాలుగు.

మొదటి రోజు అంతా ఒకేసారి తెరవబోయాను.
ఫ్యాను రొప్పింది.
మౌసు బాణం గుండ్రంగా తిరిగీ తిరిగీ
తెర మీద ఒక్క ముక్క పడేసింది:
మెమరీ చాలలేదు.
కొనకనమిట్ల లేదు, తర్లుపాడు లేదు,
తెరిచినవన్నీ వాటంతటవే మూసుకున్నాయి.
మూడుసార్లు అదే.
ర్యామ్ కొనమని అడిగితే
ఓబులేసు సారు ఇండెంటు రాయమన్నాడు.
ఇండెంటు ఒంగోలు పోయింది.
పోయిందంటే పోయిందే.

ముక్కలుగా చదువుదామనుకున్నా.
మరీ చిన్న ముక్కలు చేశాను కాబోలు,
రాత్రంతా డిస్కు అటూ ఇటూ పరిగెత్తింది,
వీధిలోకి ట్యాంకరొస్తే
చెంబుతో నీళ్లు మోసే మనిషిలాగా.
పెద్దవి చేస్తే డ్రమ్మెత్తబోయి నడుం పట్టేసినట్టు మళ్లీ ఆగింది.
బిందె కొలత ఎంతో
ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

టీకి దిగితే కింద పలకల కార్ఖానా.
ఖాసింబీ ముందు ఒక బల్ల.
దాని మీద నలభై పలకలు పడతాయి,
నలభై ఒకటోది జారి పగులుతుంది.
పెరట్లో లారీలోడు, నల్లగా, రాత్రి జల్లుకి తడిసిన గుట్ట.
సాయంత్రానికి మందం వారీగా వరస కావాలి.

"ఇంత గుట్ట ఈ బల్ల మీద ఎట్టా?"
"అంతా ఒకేసారి ఎవురు పెట్టమన్నారు అబ్బయ్యా?"

నలభై తెచ్చింది.
కళ్లతో కాదు, బొటనవేలితో చూసింది.
పల్చంది పైన, మందంది అడుగున,
దొంతి కట్టి గోడకి చేరేసింది. మళ్లీ నలభై.
గోడ పొడుగునా దొంతులు,
దేనికది సరైన వరస,
పక్కదాని సంగతి ఏదీ ఎరగదు.
అప్పుడు
ఒక్కో దొంతి మీంచి ఒక్కో పలక బల్ల మీదికి.
అన్నిట్లో పల్చంది అవతలికి.
అది ఏ దొంతిదైతే ఆ దొంతి నుంచే ఇంకోటి.
"నలభై దొంతులు దాటితే?"
"రెండు దఫాలు పడుద్ది. ఏం, రైలెక్కాలా?"

గుట్ట కరుగుతోంది,
బల్ల మీద నలభై దాటలేదు.

టీ పూర్తిగా తాగే పైకెళ్లాను.
చదువు, వరస పెట్టు, డిస్కులోకి దించు, మర్చిపో.
మర్చిపో దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.
హనుమంతునిపాడు బోరొకటి
ఆరేళ్లుగా అడుగు అడుగు దిగుతోంది కదా,
ఇప్పుడే చూశాను కదా,
దాన్ని ఎట్టా వదలడం?
వదిలాను. తర్వాతి ముక్కకి చోటు కావాలి.
గోడకి చేరేసిన దొంతి
బల్లకి గుర్తుండక్కర్లేదు.

తెల్లారేసరికి
తొంభై జీబీలూ ఒకే బారులో నిలబడ్డాయి.
ఏ క్షణంలోనూ నాలుగు దాటకుండా.

టిఫిను పొట్లంతో దిగి ఖాసింబీకి చెప్పాను.
ఈ నీళ్లు తాగి పెరిగిన పళ్లతో నవ్వి
"పగిలినవేం చేశా?" అంది.
పగిలినవా?
ఆమె కాలి పక్కన ఒక గోనె:
అంచు విరిగినవి, మూల లేచినవి.
కోసి చిన్న పలకలు చేస్తారంట,
ఒకటో తరగతి చేతికి సరిపోయేవి.

నేను ఖాళీ గడులున్న వరసలన్నీ
మొదట్లోనే తీసేశాను.
రీడింగు లేదు కాబట్టి.
నీళ్లు లేకపోతే రీడింగు ఉండదని
పొట్లం చేతిలో చల్లారుతుండగా తట్టింది.

పైకెక్కాను.
బల్ల తుడిచి
మొదటి నలభై తెచ్చుకున్నాను.